వర్గ సమీకరణం: చరిత్ర, రేఖాచిత్రం

తెలియని రాశి వర్గం వరకే వెళ్లి, అంతకు మించిన ఘాతం లేని సమీకరణాన్ని వర్గ సమీకరణం అంటారు. దీని చరిత్ర సుమారు నాలుగు వేల ఏళ్లది. అందులో చాలా భాగం రుణ మూలాన్ని ఒప్పుకోవడానికి పడిన ప్రయాసే.

తొలి దశ

క్రీ.పూ. 1800 ప్రాంతపు బాబిలోనియా మట్టి పలక మీద ఒక లెక్క ఉంది: చతురస్ర వైశాల్యానికి భుజాన్ని కలిపితే ముప్పాతిక, భుజమెంత? జవాబు అర.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో వర్గ సమీకరణ సాధనకు సూత్రం, ధన రుణ రాశులకు నియమాలు ఇచ్చాడు. కలిమి, అప్పు అని అర్థమిచ్చే ఆ మాటలే నేటికీ తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

చతురస్రం పూరించడం

సుమారు 820లో బాగ్దాదు పండితుడు అల్-ఖ్వారిజ్మీ ఎక్స్² + 10ఎక్స్ = 39 అనే సమీకరణాన్ని బొమ్మ గీసి సాధించాడు. ఎక్స్ భుజంగా ఒక చతురస్రం, దాని రెండు పక్కల 5 వెడల్పున రెండు దీర్ఘచతురస్రాలు. మూలన మిగిలిన ఖాళీ 25. దాన్ని పూడిస్తే 39 + 25 = 64; పెద్ద చతురస్రం భుజం 8; అందులో 5 తీసేస్తే 3. రెండో మూలం −13ను ఆయన పరిగణించలేదు. భుజం పొడవు రుణం కాలేదు కదా!

భాస్కరాచార్యుడి ‘బీజగణితం’ (1150)లో కోతుల గుంపు లెక్కకు 50, 5 అని రెండు జవాబులు వస్తాయి. గుంపులో అయిదో వంతులోంచి 3 తీసేయాలి. 5 తీసుకుంటే 1లోంచి 3 పోవాలి; అది రుణం. అందుకే ఆయన 50నే స్వీకరించాడు.

గ్రాఫు రాక

1637లో ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ బీజగణితాన్ని రేఖాగణితంతో ముడిపెట్టాడు. ఫెర్మా కూడా విడిగా అదే దారి పట్టాడు. అయితే దెకార్త్‌కూ రుణ మూలాలు ‘అసత్య’ మూలాలే. 1704లో వెలువడిన రచనలో న్యూటన్ రుణ నిరూపకాలనూ వాడుతూ వక్రాలు గీశాడు. 1734లో ఆయిలర్ ప్రమేయానికి నేటి సంకేతాన్ని వాడాడు.

అల్-ఖ్వారిజ్మీ లెక్కనే వై = ఎక్స్² + 10ఎక్స్ − 39 అని రాసి గ్రాఫు కాగితం మీద గీస్తే పరావలయం వస్తుంది. ఎక్స్ విలువ −5 దగ్గర వక్రం −64 దాకా దిగి, మళ్లీ పైకి లేస్తుంది. ఎక్స్-అక్షాన్ని −13 వద్ద, 3 వద్ద ఖండిస్తుంది. ఆనాటి చతురస్రంలో చోటు దక్కని −13, గ్రాఫులో 3తో సమానంగా కనిపిస్తుంది. సూత్రంతో జవాబు రాబట్టిన విద్యార్థి ఒక్కసారి గ్రాఫు కూడా గీసి చూడాలి. రెండు మూలాలు ఎందుకో అప్పుడు కంటికే తెలుస్తుంది.