కలిసి నడిచిన సంఘము

సంఘ చరిత్ర అనగానే ఆలయము ఎప్పుడు కట్టారు, పాఠశాల ఎవరు స్థాపించారు అని వ్రాసుకోవడం మన అలవాటు. మన వృద్ధులు ఎలా జీవించారు, వారికి ఎవరు తోడుగా నిలిచారు అన్నది కూడా చరిత్రే. ఆ సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు దొరగార్లు మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ పనిని ఆరంభించారు. 1854లో ఆ పని ఏలూరుకు వచ్చింది. తెలుగు పల్లెల్లో సువార్త ఎక్కువగా చుట్టరికముల వెంట నడిచింది. ఒక పేటలో అన్న విశ్వాసములోకి వస్తే తమ్ముడు, వియ్యంకుడు, మేనత్త వచ్చారు. పేట, చుట్టరికము, సంఘము మూడూ ఒకటిగా కలిసిపోయాయి. బిడ్డలు లేని ముసలమ్మకు ఆ పూట గంజి ఎవరింట్లోనో దొరికేది. ఆది సంఘములో విధవరాండ్ర పరిచర్య కోసం ఏడుగురిని ఏర్పరచిన సంగతి అపొస్తలుల కార్యములలో చదువుతాము. మన పేటల్లో అలా ఎవరినీ ఎన్నుకోలేదు. ఇరుగుపొరుగువారే ఆ పని చేశారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలతోపాటు ఊడ్పులు, కోతలు పెరిగాయి. అరవై దాటిన స్త్రీలు కూడా బురదలో వంగి నాట్లు వేసేవారు. కొల్లేటి లంకల్లో ముసలివారు సైతం దోనె నడిపేవారు. "ఆ రోజుల్లో పనే వ్యాయామం" అని కొందరంటారు. ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. అది ఇష్టపడి చేసిన వ్యాయామం కాదు, తిండి కోసం చేసిన కూలి. ఆ కూలి చాలామంది నడుములు వంచింది. అయినా ఆ కష్టంలో ఒక మేలు ఉండేది. ఎవరూ ఒంటరిగా వెళ్లేవారు కారు.

మా నాయనమ్మ డెబ్బై దాటాక కూడా ఆదివారం ఉదయం ముగ్గురు తోటి ముసలమ్మలను పిలుచుకొని, కాలువ గట్టు వెంట ఆలయమునకు నడిచేది. నలుగురిలో ఒకరు రాకపోతే, ఆరాధన ముగియగానే మిగిలిన ముగ్గురూ ఆమె గడప ముందు ఉండేవారు.

తరువాత కొల్లేరు మారింది. 1970 దశకం నడుమ సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. చెరువులు పెరిగి సరస్సును కమ్మేశాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని చెరువుల గట్లు తెగగొట్టారు. పని కరవై యువకులు ఊళ్లు విడిచారు. తల్లిదండ్రులు అరుగుల మీద మిగిలారు.

1995లో కేంద్ర ప్రభుత్వం వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ఏర్పాటు చేసింది. మన రాష్ట్రంలో 2024 జూలై నుండి 4,000 రూపాయలు ఇస్తున్నారు. 2020 ఫిబ్రవరిలో పింఛను ఇంటి గడపకే తెచ్చి ఇచ్చే పద్ధతి వచ్చింది. మంచం పట్టినవారికి ఇది గొప్ప మేలు. కాని నడవగలవారు నెలకొకసారి పంచాయతీ దగ్గర కలిసి కష్టసుఖాలు చెప్పుకొనే వీలు పోయింది. సొమ్ము పెరిగింది, పలకరింపు తగ్గింది.

పలకరింపు చిన్న విషయం కాదు. 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2010లో వెలువడింది. నలుగురి తోడు గలవారు బ్రతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని అది తేల్చింది. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకవంటిది చేయాలనీ, పడిపోకుండా ఒళ్లు నిలదొక్కుకొనే వ్యాయామం 3 రోజులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నడక లెక్క రోజుకు ఇరవై రెండు నిమిషాలు. నాయనమ్మకు ఈ లెక్క తెలియదు గాని దారి తెలుసు.

సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. వృద్ధులను ఆటోలో తెచ్చి దింపడంతో మన బాధ్యత తీరదు. నడవలేనివారిని తప్పక ఎక్కించుకొని రండి. నడవగలవారి పక్కన ఒక మనుమడు నడవాలి. స్త్రీల మైత్రివారు పేటకు నలుగురేసి జట్లు కట్టించి, చల్లని పూట కలిసి నడిపించాలి. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం బాట వేశారు. అటువంటి విశాలమైన నేల మీద నలుగురు వృద్ధులు మాట్లాడుకుంటూ నడిస్తే అంతకంటే సద్వినియోగం ఏముంటుంది?

వచ్చే ఆదివారం మీ బల్ల మీద ఒక చోటు ఖాళీగా కనిపిస్తే, దీవెన కాగానే నేరుగా మీ ఇంటికి పోకండి. ఆ గడప తొక్కి వెళ్లండి.