ఓజోన్ పొర క్షీణత, పునరుద్ధరణ: హైదరాబాద్

ఓజోన్ పొర భూమికి సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ వాయువు దట్టంగా ఉండే ప్రాంతం. సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో హానికరమైన వాటిని ఇది చాలావరకు అడ్డుకుంటుంది. మనిషి తయారుచేసిన రసాయనాల వల్ల పలచబడిన ఈ పొర ఇప్పుడు నెమ్మదిగా కోలుకుంటోంది. ఆ రసాయనాలను ఆకాశంలో కొలిచిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. పొర పూర్తిగా కోలుకోవడానికి మిగిలిన పనిలో కొంత ఈ నగరంలోని అమీర్‌పేట, పంజాగుట్టల్లోని ఏసీల దగ్గరే జరగాలి.

క్షీణతకు కారణం

ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) కింది వాతావరణంలో చెక్కుచెదరవు. స్ట్రాటోస్ఫియర్‌కు చేరాక అతినీలలోహిత కిరణాలు వాటిని విడగొడతాయి. అలా విడుదలైన ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. రసాయన శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ 1974లో ఈ ప్రమాదాన్ని చెప్పారు. అంటార్కిటికాపై ఓజోన్ రంధ్రం సంగతి 1985లో ప్రచురితమైంది. ఉష్ణమండలంలో క్షీణత తక్కువే అయినా, ఇక్కడి ఓజోన్ సహజంగానే పలచన, ఎండ నడినెత్తిన కాస్తుంది.

హైదరాబాద్ బెలూన్ ప్రయోగాలు

కింది గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ప్రధానంగా ఉష్ణమండలం మీదుగానే ప్రవేశిస్తుంది. అందుకే 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న హైదరాబాద్‌లో కొలతలు విలువైనవి. ఈసీఐఎల్ సమీపంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి 1987లోనూ, 1990లలోనూ అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు గాలి నమూనాలు సేకరించారు. పలుచని పాలిథీన్ బెలూన్‌కు వేలాడే పరికరంలో, ద్రవ నియాన్‌తో చల్లబరచిన ఉక్కు గొట్టాలు ఉండేవి. కింది నుంచి సంకేతం అందగానే ఒక్కో ఎత్తులో ఒక్కో గొట్టం మూత తెరుచుకునేది. లోపలికి వచ్చిన గాలి అక్కడే గడ్డకట్టేది. ఆ నమూనాల్లో సీఎఫ్‌సీలు, ఓజోన్‌ను హరించే మరో రకం రసాయనాలైన హేలన్లు ఏ ఎత్తులో ఎంత ఉన్నాయో ప్రయోగశాలలో తేల్చారు.

ఒప్పందాలు, నియమాలు

ఓజోన్‌ను హరించే పదార్థాలను నియంత్రించే మాంట్రియల్ ఒప్పందం 1987 సెప్టెంబరు 16న కుదిరింది. అందుకే ఏటా ఆ రోజు ఓజోన్ దినోత్సవం. భారత్ 1992లో ఇందులో చేరి, 2000లో ఓజోన్‌ను హరించే పదార్థాల నియంత్రణ నియమాలు తెచ్చింది. దేశంలో సీఎఫ్‌సీల వాడకం, కొన్ని వైద్య అవసరాలు మినహా, 2010 నాటికి ఆగిపోయింది. ప్రత్యామ్నాయ వాయువుల తయారీ విధానాలపై హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధనలు చేసింది. ఓజోన్‌కు హాని చేయకున్నా భూమిని వేడెక్కించే హైడ్రోఫ్లోరోకార్బన్లను తగ్గించేందుకు మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది.

అమీర్‌పేట, పంజాగుట్టల్లో

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, షోరూమ్‌లు, ఆసుపత్రులు కిక్కిరిసిన ఈ ప్రాంతంలో ఏసీలకు లెక్కలేదు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 వాయువుకు, సీఎఫ్‌సీల కన్నా తక్కువే అయినా, ఓజోన్‌ను హరించే గుణం ఉంది. మెకానిక్ పైపు విప్పి గ్యాస్‌ను గాలికి వదిలేస్తే ఆ నష్టాన్ని పూడ్చలేం. సరైన పద్ధతి వేరు: పాత గ్యాస్‌ను రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలి, నైట్రోజన్‌తో లీకు వెతికి మూయాలి, వ్యాక్యూమ్ చేసి గ్యాస్‌ను తూచి నింపాలి. లీకు మూయకుండా ఏటా గ్యాస్ కొట్టించుకునే అలవాటు మానాలి. ఈ పని నేర్పే శిక్షణ, సరైన కూలి రెండూ మెకానిక్‌లకు దక్కాలి.

ట్రాఫిక్ పొగ, ఎండ కలిసి నేల మీద పుట్టించే ఓజోన్ వేరే సమస్య. అది ఊపిరితిత్తులకు చేటు. పై పొరకు పనికిరాదు.

ప్రస్తుత స్థితి

ఐక్యరాజ్యసమితి 2023 జనవరిలో విడుదల చేసిన అంచనా ప్రకారం, ఇప్పటి విధానాలు కొనసాగితే ఓజోన్ పొర 1980 నాటి స్థాయికి అంటార్కిటికాపై 2066 ప్రాంతంలో, ఆర్కిటిక్‌పై 2045లో, మిగతా ప్రపంచంపై 2040లో చేరుతుంది. శాస్త్రం హెచ్చరించినప్పుడు దేశాలు విని, మాట నిలబెట్టుకుంటే ఎంత సాధ్యమో చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు లేదు.