వీథిబడి అరుగు

మన పల్లెలలోని పాత వీథుల వెంట నడచునపుడు కొన్ని యిండ్ల ముందు మోకాలి యెత్తున అరుగులు కనబడును. బాటసారి కూర్చుండుటకును, ప్రొద్దు వాలిన పిమ్మట ఇరుగుపొరుగువారు ముచ్చటించుకొనుటకును అవి పనికివచ్చునని మన మెల్లర మెరుగుదుము. వానిలో కొన్ని ఒకప్పుడు పాఠశాలలై యుండెననుట మాత్రము మరచుచున్నాము. పంతులుగారు లోపల కాపురముండెడివారు. బడి ముందరి అరుగుమీద జరిగెడిది. ఇల్లును బడియును ఒకే గోడకు అటొకటి, ఇటొకటి. దానినే వీథిబడి యనిరి.

అంత చిన్న తావు బడికెట్లు చాలెనని శ్రోతలు సందేహింపవచ్చును. ఇందుకు లెక్కలే సమాధానము చెప్పుచున్నవి. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని బడుల నన్నిటిని లెక్కింప నుత్తరువు చేసెను. 1826 నాటికి తేలినది 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు కలరు. అనంతపురము ఆ జిల్లానుండి విడివడినది 1882లో గనుక ఈ లెక్కలో నేటి రాయలసీమ పల్లెలెన్నియో చేరియున్నవి. సగటున బడికి పండ్రెండుగురు. పండ్రెండుగురు పిల్లలకు, ఒక పంతులుగారికి, ఒక బెత్తమునకు అరుగు ధారాళముగా సరిపోవును.

కాంబెల్ దొర కండ్లతో ఆ బడి నొక్కసారి చూతము. ఉదయము ఆరు గంటలకు బడి ప్రారంభము. మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెదరు. రెండవవానికి సున్న, వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చువారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. కడపటివాని గతి చెప్పనక్కరలేదు! పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. చేయి కుదిరిన పిమ్మట తాటాకును గంటమును పట్టెడివారు. పలకకు బదులు మసి పూసిన కడితము కూడ నుండెడిది. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, పెద్దపిల్లలకు పంతులుగారు చెప్పుట ఆనాటి పద్ధతి.

ఈ పద్ధతి సముద్రము దాటినది. చెన్నపట్టణములో అనాథ బాలుర పాఠశాలకు 1789 నుండి అధికారిగా నున్న ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఒక దేశీయ పాఠశాలలో బాలురు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించెను. 1797లో లండనులో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి యని పేరుపొందినది. ఆయన ధనముతో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున వెలసిన పాఠశాల నేటికిని మద్రాసు కాలేజి యనియే పిలువబడుచున్నది. అచట పేరు నిలిచినది. ఇచట అరుగు నిలుచుట లేదు.

అరుగును పొగడి ఊరకుండుట మాత్రము న్యాయము కాదు. బళ్లారి లెక్కలో బ్రాహ్మణ బాలురు 1,185; వైశ్యులు 981; శూద్రులు 2,998; ఇతర కులములవారు 1,174; మహమ్మదీయులు 243. అగ్రవర్ణములకే బడి యనుమాట ఈ అంకెలముందు నిలువదు. కాని బాలికలు 60 మందియే! జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షలు దాటియుండగా బడికి పోవువారు ఏడువేలకు లోపే. మాలమాదిగల బిడ్డలకు చాల ఊళ్లలో ఆ అరుగు మెట్టు అందనే లేదు. ఎవరు ఎక్కిరో, ఎవరు వీథిలోనే నిలిచిపోయిరో రెంటికిని ఆ రాయి సాక్షి. అందుచేతనే దానిని దాచుకొనవలెనని మేము కోరుచున్నాము. ముచ్చటకొరకు మాత్రము కాదు.

1854 తరువాత గ్రాంట్లు వచ్చినవి. 1871 నాటి లోకల్ ఫండ్సు చట్టముతో బోర్డు బడులు పెరిగినవి. బల్లలు, హాజరు పట్టీలు, దేశపటములు వచ్చి బడి వేరుగా, పంతులుగారి యిల్లు వేరుగా అయినవి. అరుగు క్రమముగా ఖాళీ యైనది.

మన కాలమున దానిని పోగొట్టుచున్నవి రెండు. వీథి వెడల్పు చేయునపుడు మొదట తెగునది అరుగే, ఏలయన అది బాటలోనికి చొచ్చియుండును. రెండవది కంటికి కనబడదు. సిమెంటు రోడ్డుమీద మరల రోడ్డు వేయగా వీథి మట్టము పెరిగి, అరుగు నిలుచున్నచోటనే భూమిలోనికి దిగిపోవుచున్నది. రాయలసీమ మిద్దెల సంగతి ఇంకను కష్టము. పైకప్పుపై ఏటేట చౌడుమన్ను పరచకున్న వాన లోపలికి దిగును. కాపురముండువారు లేని యింటికి ఆ మన్ను వేయువారెవరు? నూరేండ్లకు తక్కువ కాని కట్టడములను రక్షింప వీలు కల్పించిన 1958 నాటి కేంద్ర చట్టము మనకు కలదు. కాని కోటను గుర్తించినంత సులువుగా ఎవరును పంతులుగారి మిద్దెను గుర్తింపరు.

మన్రో పంపిన పట్టికలో బడులకు గడి యున్నది, పిల్లలకు గడి యున్నది, కులములకు గడులున్నవి. బడి ఏ యింట జరిగెనో వ్రాయుటకు గడి లేదు. ఆ గడిని నింపవలసినవారు ఊరి వృద్ధులే. మీ ఊరిలో అట్టి యిల్లు కలదేని, పడగొట్టుటకు ముందే అరుగు పొడవు వెడల్పులు కొలువుడు. దూలమునకు కోదండపు త్రాటి ఒరపిడి యున్నదేమో చూడుడు. అచట ఓనమాలు దిద్దినవారి పిల్లలో మనుమలో ఉన్నయెడల వారి నడిగి, ఆ మాటలను కాగితముపై పెట్టుడు.