గెలుపు లేని యుద్ధానికి స్మారకం

1987 జులై 29న రాజీవ్‌గాంధీ, జయవర్ధనే కుదుర్చుకున్న ఒప్పందంతో భారత శాంతి పరిరక్షక దళం శ్రీలంకలో అడుగుపెట్టింది. తమిళుల రక్షణకని వెళ్లిన సైన్యం అక్టోబరు నాటికి ఎల్‌టీటీఈతోనే తలపడింది. దాదాపు 1,200 మంది నేలకొరిగారు. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు చేరినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. శ్రీలంక ప్రభుత్వం తన పార్లమెంటు సమీపాన వారికి స్మారకం నిర్మించింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో గానీ ప్రారంభం కాలేదు.

అక్కడ సహచరుని పేరు వెతుక్కునే వృద్ధ సైనికుడు విజయోత్సవం కోరడు. ఆదేశాన్ని పాటించడం సైనికుని ధర్మం. విధానానికి జవాబు చెప్పడం పాలకుల బాధ్యత. జాఫ్నాలో బలైన తమిళ పౌరులకూ ఆ జవాబే బాకీ. స్మారకంపై పేరు చెక్కినంత మాత్రాన అది తీరదు.