ఓడ డెక్కుపై చల్లిన ఇసుక

పాదమునకును నేలకును నడుమ జొచ్చిన ఇసుకరేణువు ఒకచోట మనుష్యుని నిలబెట్టును, వేరొకచోట పడద్రోయును. ఈ వైరుధ్యమును గ్రహించుటకు తెరచాపల కాలపు యుద్ధనౌకల చరిత్ర మిక్కిలి ఉపకరించును.

పదునెనిమిదవ శతాబ్దమునను, 1805 అక్టోబరు 21న ట్రఫాల్గరు సమరము జరిగిన, బ్రిటిషు నౌకాసేనాని నెల్సను కాలమునను, బ్రిటిషు నౌకలలో యుద్ధభేరి మ్రోగిన తోడనే నావికులు గదుల నడిమి అడ్డుపలకలను తొలగించి, ఫిరంగుల కట్లు విప్పి, చెదరిన తుపాకిమందునకు నిప్పంటుకొనకుండునట్లు డెక్కులను నీటితో తడిపి, ఆ తడిమీద ఇసుక చల్లెడివారు. ప్రతి పేల్పునకును వెనుకకు దూకు, బండితోగూడ దాదాపు 3 టన్నుల బరువుగల పెనుఫిరంగిని మోకులు పట్టి మరల ముందునకు లాగవలసిన ఆ నావికులలో పెక్కుమంది ఉత్తకాళ్లవారు; నీరును నెత్తురును కలిసిన పలకలపై ఒక్క అడుగు జారినను కాలో, ప్రాణమో ఆ చక్రముల క్రింద పోవలసినదే.

మెత్తని తడికొయ్యలో రేణువు కొంత దిగబడి, పైకి తేలిన అంచుతో అరికాలిని గరచిపట్టును. గట్టి నున్నని రాతిపై అదే రేణువు, దిగబడుటకు తావులేక, చెప్పుక్రింద గోలీవలె దొరలును. నావికులను కాపాడిన ఇసుకయే కడప బండలు, తాండూరు బండలు పరచిన మన యిండ్లలో అపాయకారణ మగుచున్నది. కావున గృహస్థులారా, గుమ్మములోనికి వచ్చిన ఇసుకను వెంటనే ఊడ్చివేయుడు. ఇంటి వృద్ధులకు మీరు చేయదగిన సేవలలో ఇది యొకటి.