ఖబర్ దక్కని హాకిమ్

దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్ రియాసత్ 1194లో ఆరో రేమండ్ చేతికొచ్చింది. అతని హోదా కౌంట్. మన జబాన్‌లో చెప్పాలంటే పెద్ద జాగీర్దార్. పేరుకి పైన ఫ్రాన్స్ బాద్‌షా ఉన్నా, అక్కడ హుకూమత్ ఇతనిదే.

ఆ ఇలాకాలో కాథర్లు అనే ఫిర్ఖా ఉండేది. వాళ్ళూ ఈసాయీలమనే చెప్పుకునేవాళ్ళు. కానీ కంటికి కనపడే ఈ దునియా చెడు శక్తి చేసిందని వాళ్ళ అఖీదా. చర్చి దౌలత్‌నీ, పెత్తనాన్నీ ఒప్పుకోలేదు. రేమండ్ కాథర్ కాదు. అయినా వాళ్ళని వెళ్ళగొట్టలేదు. యూదులకి సర్కారీ కొలువులిచ్చాడు. పోప్ మూడో ఇన్నోసెంట్‌కి ఇది గవారా కాలేదు. 1207లో రేమండ్‌ని చర్చి నుంచి వెలివేశారు. మరుసటి ఏడాది పోప్ దూత ఒకాయన ఖత్ల్ అయ్యాడు. ఇల్జామ్ రేమండ్ మీద పడింది. పోప్ క్రూసేడ్ ప్రకటించాడు. ఈసాయీల గడ్డ మీదికే ఈసాయీల ఫౌజ్!

రేమండ్ బహాదూర్ ఏమీ కాదు. 1209 జూన్‌లో సాంజీల్ చర్చి దగ్గర, నడుం పైన బట్ట లేకుండా కొరడా దెబ్బలు తిని మాఫీ అడిగాడు. యూదులని కొలువుల్నుంచి తీసేస్తానని ఖసమ్ తిన్నాడు. సొంత మేనల్లుడి ఇలాకా మీదికి పోతున్న ఫౌజ్‌లో తనూ చేరాడు. జూలై 22న ఆ మేనల్లుడి శహర్ బెజియె తగలబడింది. దాదాపు ఇరవై వేల మందిని చంపామని పోప్ దూతలే ఖత్ రాశారు. వాళ్ళలో కాథర్ ఎవరో, కేథలిక్ ఎవరో తల్వార్ అడగలేదు. మేనల్లుడు ఆ ఏడాదే ఖైదులో పోయాడు.

తలవంచితే తన ఇల్లు మిగులుతుందనుకున్నాడు రేమండ్. మిగల్లేదు. 1211లో ఫౌజ్ తులూజ్ గోడల దాకా వచ్చింది. 1213లో అతని వైపు నిలబడ్డ బావమరిది, అరగాన్ బాద్‌షా, మ్యూరె జంగ్‌లో చనిపోయాడు. 1215లో చర్చి మహాసభ రియాసత్‌ని క్రూసేడ్ సిపహ్‌సలార్ సైమన్ ద మాంఫోర్‌కి రాసిచ్చేసింది.

1217 సెప్టెంబర్‌లో రేమండ్ తిరిగొచ్చాడు. రియాయా అతని పాత బుజ్‌దిలీ లెక్క తీయలేదు. సైమన్ కూలగొట్టించిన గోడల్ని మర్దులూ ఔరతులూ కలిసి మళ్ళీ లేపారు. 1218 జూన్ 25న లోపలి నుంచి విసిరిన రాయి తగిలి సైమన్ చచ్చిపోయాడు. ఆ రాళ్ళ యంత్రాన్ని నడిపింది ఔరతులేనని ఆనాటి కావ్యం చెబుతుంది.

1222లో రేమండ్ మరణించాడు. వెలి మాత్రం తీరలేదు. దఫన్‌కి చర్చి ఇజాజత్ ఇవ్వలేదు. తాబూత్ ఖబరస్తాన్ బయటే ఉండిపోయింది. కొడుకు ఏడో రేమండ్ ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టాడు. నాన్న తౌబా చేశాడని గవాహులు వచ్చి చెప్పారు. అయినా ఆరడుగుల నేల దక్కలేదు.