150 గ్రాముల కెమెరాకి 200 జంపులా?

మా టీములో ఒకడున్నాడు. పేరు రాయను. వాడు కాలిఫోర్నియాలో శనివారాలు విమానంలోంచి కిందకి దూకుతున్నాడన్న సంగతి తెనాలిలో ఉన్న వాళ్ళమ్మగారికి ఇంకా తెలీదు. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా "కారు నెమ్మదిగా నడుపు నాన్నా" అంటారు. వీడు బుద్ధిగా "సరేనమ్మా" అంటాడు.

మొన్న లంచ్ దగ్గర వాడు మహా కోపంగా ఉన్నాడు. అప్పటికి 43 జంపులు చేశాడట. ఈసారి హెల్మెట్‌కి గోప్రో బిగించుకుంటానంటే ఇన్‌స్ట్రక్టర్ కుదరదన్నాడట. యూఎస్‌పీఏ అని అక్కడి పారాచూటిస్టుల సంఘం ఒకటుంది. కనీసం 200 జంపులు చేశాకే కెమెరా పెట్టుకోవాలని వాళ్ళ సలహా.

"నువ్వే చెప్పరా! కెమెరా బరువు 150 గ్రాములు. మా అమ్మ పంపే ఆవకాయ సీసా మూత అంత ఉండదు. దానికి 200 జంపులేంటి? ఇదంతా ఆ వీడియో తీసేవాళ్ళు వాళ్ళ బేరం పోకుండా పెట్టుకున్న రూలు."

నాకూ నిజమే అనిపించింది. కారణం ఎవరికీ గుర్తులేని రూల్స్ మనం రోజూ చూస్తూనే ఉంటాం కదా. ఎప్పుడో ఎవరో ప్రాసెస్ డాక్యుమెంట్‌లో ఒక లైను రాస్తారు. వాళ్ళు కంపెనీ మారిపోతారు. ఆ లైను మాత్రం ఉండిపోతుంది. ఈ 200 కూడా అలాంటిదేనేమో అనుకుని, ఆ వారాంతం దీని చరిత్ర చదువుతూ కూర్చున్నాను. సోమవారానికి నా అభిప్రాయం మారిపోయింది.

ఆకాశంలోంచి దూకుతున్న మనిషి ఫోటో అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1960 ఆగస్టు 16న న్యూ మెక్సికోలో తీసినది. అమెరికా వైమానిక దళానికి చెందిన జోసెఫ్ కిట్టింజర్ 1,02,800 అడుగుల ఎత్తున, అంటే దాదాపు 31 కిలోమీటర్ల పైన, బెలూన్ కింద వేలాడే గొండోలాలోంచి దూకాడు. ఆయన వీపు, కింద మబ్బులు, ఇంకేమీ లేదు. అది లైఫ్ పత్రిక ముఖచిత్రమైంది. ఆ రోజు పైకి వెళ్తుండగానే ఆయన కుడి చేతి గ్లవ్‌లో గాలి పీడనం పోయి చెయ్యి వాచిపోయింది. అయినా వెనక్కి రాలేదు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఫోటో తీసే పని ఆయనది కాదు. గొండోలాలో బిగించిన కెమెరా తనంతట తను తీసుకుంది. దూకేవాడు దూకాడు, తీసేది తీసింది.

అసలు కష్టం ఆ రెండు పనులూ ఒకే మనిషి మీద పడ్డప్పుడు మొదలైంది.

1960ల్లో కాలిఫోర్నియాలో కొంతమంది గాల్లో చేతులు పట్టుకుని గుండ్రంగా చేరడం నేర్చుకున్నారు. దాన్ని స్టార్ అనేవారు. 1965లో మొదటిసారి ఎనిమిది మంది అలా కలిశారు. వాళ్ళని ఫోటోలు తీసిన మనిషి బాబ్ బుకోర్. 1966లో మాలిబూ దగ్గర ఒక సినిమా షూటింగు కోసం దూకి, సముద్రంలో దిగి మునిగిపోయాడు. ఎనిమిది మంది, అంతకన్నా ఎక్కువమంది కలిసే స్టార్‌లో పాల్గొన్నవాళ్ళకి ఇచ్చే గుర్తింపుకి ఆయన పేరే పెట్టారు. ఫోటోలో లేని మనిషి పేరు ఫోటోలో ఉన్నవాళ్ళకి బిరుదయింది.

ఆ తర్వాతవాడు కార్ల్ బెనిష్. ఈయన మనలాగే ఇంజినీరు, ఎలక్ట్రికల్. 1969లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన 'ద జిప్సీ మాత్స్' సినిమాలో గాల్లో షాట్లు ఈయనవే. తలకి 16 ఎంఎం సినిమా కెమెరా కట్టుకుని దూకేవాడు. మన తెలుగులో కళ్ళు నెత్తికెక్కడం అంటే పొగరు. వీళ్ళకి నిజంగానే కన్ను నెత్తికెక్కింది, కానీ పొగరుతో కాదు, అవసరంతో. చేతులు ఖాళీగా ఉండాలి. గాల్లో చేతులే స్టీరింగు, చేతులే బ్రేకు. కెమెరా చేత్తో పట్టుకుంటే మనిషి గింగిరాలు తిరుగుతాడు.

ఆ చేతుల సమస్య ఎలా తీర్చారో చూస్తే ఇంజినీర్లుగా మనకి ముచ్చటేస్తుంది. పొట్ట కిందకి పెట్టి పడే మనిషి వేగం గంటకి సుమారు 190 కిలోమీటర్లు. ఎదుటి మనిషి కొంచెం బరువైతే ఇంకా వేగంగా పడతాడు. అతనితో సమానంగా పడటానికి కెమెరామన్ సూట్‌కి చేతుల కింద గుడ్డ రెక్కలు కుట్టారు. చాపితే వేగం తగ్గుతుంది, ముడిస్తే పెరుగుతుంది. ఫ్రేమ్ ఎక్కడుందో తెలియడానికి కంటి ముందు రింగులున్న చిన్న గాజు ముక్క. ఇక షట్టర్? నోట్లో ఒక స్విచ్, పళ్ళతో కొరికితే ఫోటో పడుతుంది. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే మనిషే దగ్గరకి పోవాలి.

జేమ్స్ బాండ్ సినిమా 'మూన్‌రేకర్' (1979) మొదటి సీన్ గుర్తుందా? పారాచూట్ లేని బాండ్‌ని విమానంలోంచి తోసేస్తారు. అతను గాల్లోనే ఇంకొకడి దగ్గర లాక్కుంటాడు. ఆ కొన్ని నిమిషాల కోసం 88 జంపులు చేశారు. ఒక్కో జంపులో దొరికేది కొద్ది సెకన్ల సినిమా. పైగా తల మీద మోయగలిగేంత తేలికైన కెమెరా సంపాదించడమే పెద్ద పని.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1988 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలో ఒక కెమెరామన్, వయసు 35, అప్పటికి 800 పైగా జంపులు చేసినవాడు, ఒక ఇన్‌స్ట్రక్టర్‌నీ విద్యార్థినీ వీడియో తీయడానికి 10,500 అడుగుల నుంచి దూకాడు. చక్కగా తీశాడు. వాళ్ళిద్దరి పారాచూట్ తెరుచుకోవడం కూడా తీశాడు. తర్వాత తన పారాచూట్ కోసం చెయ్యి వెనక్కి పెట్టాడు. అక్కడ పారాచూట్ లేదు. తగిలించుకోవడం మర్చిపోయాడు.

మొదట చదివినప్పుడు ఎలా మర్చిపోతారు అనుకున్నాను. ఆ రోజుల్లో వీడియో అంటే తల మీద కెమెరా, ఒంటి మీద విడిగా రికార్డరు, బ్యాటరీలు. ఆ సామాను బరువునే పారాచూట్ బరువు అనుకుని ఉంటాడని తర్వాత అన్నారు. మనసంతా టేపు, ఫోకసు, యాంగిల్ మీద ఉంది. ఒంటి మీద బరువుంది. ఇంకేం కావాలి? అలవాటు అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పేసింది.

నేను ఒకసారి శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేశాను. స్క్రిప్టు, స్క్రీన్‌షాట్లు, క్లయింట్‌కి పంపాల్సిన మెయిలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. బ్యాకప్ మాత్రం తీసుకోలేదు. అంతకుముందు ఇరవై రిలీజులు చేసినవాణ్ణే. నాకు పోయింది ఒక వారాంతం. ఆయనకి పోయింది ప్రాణం. తప్పు మాత్రం ఒకటే రకం.

మావాడికి అందని విషయం ఇదే. ఆ 200 జంపులు 150 గ్రాములు మోయడానికి కాదు. మొదటి జంపుల్లో మన బుర్రంతా ఎత్తు చూడటం, పక్కన ఎవరున్నారో చూడటం, ఎప్పుడు లాగాలి అన్న వాటితోనే నిండిపోతుంది. అవి ఒంటికి పట్టాకే ఇంకో పనికి చోటు దొరుకుతుంది. దానికి తోడు తల మీద ఏది పొడుచుకొచ్చినా, తెరుచుకునే పారాచూట్ తాడు దానికి చిక్కుకునే ప్రమాదం ఉంది. 150 గ్రాములైనా తాడుకి ఒకటే.

ఇంకో సంగతి. కెమెరా బరువుగా, ఖరీదుగా ఉన్న రోజుల్లో రూలు రాయాల్సిన అవసరం అంతగా లేదు. ఆ బరువే రూలు. అంత సామాను తలకెత్తుకోవాలంటే చెయ్యి తిరిగినవాళ్ళే ముందుకొచ్చేవారు. 2010 ప్రాంతానికి గోప్రో ఆ బరువు తీసేసింది. దాంతోపాటు ఆ కాపలా కూడా పోయింది. పోయిన కాపలా చోట ఒక అంకె పెట్టారు, అంతే. 2018లో వచ్చిన 'మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్' కోసం క్రెయిగ్ ఓబ్రయన్ తలకి కెమెరా కట్టుకుని, టామ్ క్రూజ్ కంటే ముందు విమానంలోంచి వెనక్కి పడ్డాడు. ఆ సీన్ కోసం చేసినవి వందకి పైగా జంపులు, సాయంత్రపు వెలుతురు కోసం రోజుకి ఒక్క టేకు. టెక్నాలజీ ఎంత మారినా చేసే మనిషి పని తగ్గలేదు.

మావాడి బాధ నాకు అర్థం కాలేదని కాదు. ఫోటో లేకపోతే ఎవరు నమ్ముతారు? 2012లో ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ అంత పైనుంచి దూకితే యూట్యూబ్‌లో ఎనభై లక్షలమంది ఒకేసారి లైవ్ చూశారు. రెండేళ్ళ తర్వాత గూగుల్‌లో పెద్ద పదవిలో ఉన్న అలన్ యూస్టస్ చడీచప్పుడు లేకుండా 1,35,889 అడుగుల నుంచి దూకి ఆ ఎత్తు రికార్డు దాటేశాడు. మన ఫీల్డువాడే. మా ఫ్లోర్‌లో పదిమందిని అడిగాను, ఇద్దరికి తెలుసు. లోకం బొమ్మనే గుర్తుపెట్టుకుంటుంది. కాదనను.

ఇదంతా మావాడికి చెప్పాను. 1988 సంగతి చెప్పేటప్పుడు తినడం ఆపేశాడు. కాసేపాగి, "అసలు కెమెరా ఎందుకడిగానో తెలుసా? అమ్మకి మాటల్తో చెప్పలేను. వీడియో చూపిస్తే భయపడదేమో అనుకున్నా" అన్నాడు.

43 జంపులవాడు కెమెరా వైపు చూస్తూ తీసిన వీడియో చూసి ఏ అమ్మ భయపడకుండా ఉంటుందో నాకు తెలీదు. మిగిలిన 157 జంపుల్లోపు ఆవిడకి మామూలు మాటల్తో ఎలా చెప్పాలో నేర్చుకోమన్నాను. అది ఇంకా కష్టం అంటున్నాడు.

మీరైతే ఎలా చెప్తారు?